మిరియం ఎటు చూసింది

అల్లుడుగారు ఏం చేస్తారని ఎవరైనా అడిగితే అత్తగారు మాట మార్చేస్తుంది. "ఏదో సొంత పని," అని వదిలేస్తుంది. బావమరిదికి అలాంటి మొహమాటాలు లేవు. పదిమందినీ కూర్చోబెట్టి మరీ చెబుతాడు. "మా బావ నల్లుల్ని పెంచుతాడు. ఊరికే పెంచడం కాదు, రక్తం ధారపోసి పెంచుతాడు." అందరూ నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. ఏం చేస్తాడు మరి, అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

అలా నల్లులాయన అనే పేరు స్థిరపడిపోయింది. అసలు పని పెంచడం కాదు, పట్టివ్వడం. లాడ్జీలు, హాస్టళ్ళు, సినిమా హాళ్ళు, ఎక్కడ ఒకరు లేచిన చోట ఇంకొకరు వచ్చి పడుకుంటారో, కూర్చుంటారో, అక్కడికి ఆయన్ని పిలుస్తారు. వెంట ఒక కుక్క వస్తుంది. పొట్టిది, నల్లటిది, ఒళ్ళంతా ముడతలు. పేరు మిరియం. అది గదంతా వాసన చూసి, నల్లులున్న చోట కూర్చుంటుంది. మొరగదు, గోకదు, గంతులెయ్యదు. కూర్చుంటుంది, అంతే దాని ఉద్యోగం. కూర్చున్నందుకు ఉడకబెట్టిన గుడ్డు ముక్క ఒకటి జీతం. నల్లుల మందు కొట్టేవాళ్ళు వేరే వస్తారు, వాళ్ళతో ఈయనకు పని లేదు.

అంతకుముందు ఆయన పరుపులు కుట్టేవాడు. మంచి చెయ్యి. ఆయన కుట్టు వేసిన పరుపు గుడ్డ చిరిగిందేమో గాని కుట్టు ఊడిందన్న మాట ఎవరూ అనలేదు. ఫ్యాక్టరీ పరుపులు వచ్చి ఆ దుకాణం మూతపడింది. అప్పటికి ఈ కుక్క చిన్న పిల్ల, దుకాణం వెనక దొరికింది. రిపేరుకొచ్చిన పాత పరుపుల్లో కొన్నింటి దగ్గర అది కదలకుండా కూర్చుంటోందనీ, ఆ పరుపులు విప్పితే నల్లులు ఉంటున్నాయనీ ఆయన గమనించాడు. ఇంకొకరైతే ముచ్చటపడి ఊరుకుందురు. ఈయన దాన్నే బతుకుతెరువు చేసుకున్నాడు.

నల్లుల్ని పెంచడం ఎందుకంటారా. కుక్కకు రోజూ సాధన కావాలి. గాజు సీసాలో కాసిని బతికున్న నల్లులు వేసి, మూతకు బదులు సన్నటి జాలీ గుడ్డ బిగించి కట్టి, ఇంట్లో ఎక్కడో ఒకచోట దాచాలి. కుక్క వెతికి పట్టుకోవాలి. మరి సీసాలో నల్లులు బతకాలంటే తిండి కావాలి కదా. వారానికోసారి ఆయన కుర్చీలో కూర్చుని, ప్యాంటు మడిచి, సీసా జాలీని పిక్కకు ఆనించి పట్టుకుని పేపరు చదువుకుంటాడు. పేపరు అయ్యేసరికి వాటి భోజనమూ అయిపోతుంది. పిక్క మీద ఎర్రటి దద్దురు వస్తుంది. దురద ఆయనకు అలవాటైపోయింది. ఒంటి మీద ఎక్కడ దురద పుట్టినా పట్టించుకోడు.

మొదట్లో సీసాలు దాచే పని భార్యది. ఎక్కడ దాచిందో ఆయనకు చెప్పేది కాదు. బియ్యం డబ్బా వెనక, కుట్టు మిషను సొరుగులో, ఒకసారి ఆయన టోపీలోనే పెట్టి చూసి నవ్వింది. తర్వాత ఆమెకు బట్టల మిల్లులో ఉదయం షిఫ్టు దొరికింది. పొద్దున్నే వెళ్ళిపోతుంది. అప్పటి నుంచి ఆయనే దాచి, ఆయనే తలుపు తీసి, ఆయనే కుక్కను తిప్పుతున్నాడు. ఇందులో తప్పేముంది అనుకున్నాడు. నల్లులు అవే, ముక్కు అదే, గుడ్డు అదే. పైగా మిరియం ఇదివరకటి కంటే చురుగ్గా పట్టేస్తోంది. ఎంత మురిసిపోయాడో చెప్పలేం. ఆ మురిపెంలోనే పప్పులో కాలేశాడు.

ఆయనకు పెద్ద బేరం బస్టాండు దగ్గరి లాడ్జి. నెలకోసారి గదులన్నీ చూసి, శుభ్రంగా ఉన్నాయని చెబితే మేనేజరు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతాడు. ఆ పని ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. మేడమెట్లు ఎక్కగానే మొదటి గది. మంచం కాళ్ళ దగ్గర, వచ్చినవాళ్ళు పెట్టెలు పెట్టుకోవడానికి ఒక చెక్క బల్ల ఉంటుంది. తన సంచి ఆ బల్ల మీద పెట్టి, గిన్నె తీసి మిరియానికి నీళ్ళు పోసి, అది తాగేదాకా కిటికీ దగ్గర నిలబడతాడు. ఆ సంచి ఆయన సొంతంగా కుట్టుకున్నది. దుకాణంలో మిగిలిన మందపాటి పరుపు గుడ్డ, అంచుల్లో రెండేసి వరసల కుట్టు. సీసాలు, టార్చి, గుడ్డు డబ్బా అన్నీ అందులోనే. సంచిలో ఎప్పుడూ సీసాలుంటాయి కాబట్టి దాని దగ్గర కూర్చోకూడదని మిరియానికి చిన్నప్పుడే నేర్పాడు. కూర్చున్నప్పుడల్లా "వద్దు" అని గట్టిగా అనేవాడు.

ఒకసారి ఆ లాడ్జి నుంచి నెల తిరక్కుండానే పిలుపు వచ్చింది. ఆ మొదటి గదిలో దిగిన ఒక మందుల ఏజెంటు పొద్దున్నే చొక్కా విప్పుకుని కిందికి వచ్చి, నలుగురు నిలబడి ఉండగా వీపంతా దద్దుర్లు చూపించి మేనేజరు పరువు గంగలో కలిపి వెళ్ళాడట.

"నాకు తెలుసండీ ఎక్కడి నుంచి వచ్చాయో," అన్నాడు మేనేజరు మెట్లెక్కుతూ. "పక్కలు సర్దే ఆవిడ మెట్ల కింద గదిలో ఉంటుంది కదా. ఎక్కడిదో పాత పరుపు తెచ్చుకుంది. దాని మీద పడుకుని లేచి, ఆ చీరతోనే పైకొచ్చి దుప్పట్లు మారుస్తుంది. ఇంకేం కావాలి?"

నల్లులాయనకు ఆ మాట సబబుగానే తోచింది. పాత పరుపు అన్న మాట వింటేనే ఆయన చేతి వేళ్ళు కుట్ల కోసం తడుముకుంటాయి. మొదటి గదిలో మిరియాన్ని తిప్పుతున్నాడే గాని మనసంతా మెట్ల కిందే ఉంది. బల్ల దగ్గర మిరియం ఆగింది. ఆగి ఆయన మొహంలోకి చూసింది. మేనేజరు పరుపు సంగతి ఇంకా చెబుతూనే ఉన్నాడు. "పద పద," అని తాడు లాగాడు నల్లులాయన. అది వచ్చేసింది.

మెట్ల కింద గదిలో ఒక మడత మంచం, ఒక ట్రంకు పెట్టె, గోడకు అద్దం. మంచం మీద ఆ పరుపు. చిరిగిన చోటల్లా చేత్తో కుట్టి ఉంది. అది చూడగానే ఆయన ఊపిరి బిగబట్టి కుక్క వంక చూశాడు. మిరియం మంచం చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, ఆయన మొహంలోకి చూసి, కూర్చుంది.

గుడ్డు ముక్క ఇచ్చాడు.

కుక్క కూర్చున్నంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. టార్చి వేసి కంటితో చూడాలి. బతికున్న నల్లి గాని, అది విడిచిన పొట్టు గాని, కనీసం నల్లటి చుక్కలు గాని కనబడాలి. అది ఆయన తనకు తాను పెట్టుకున్న నియమమే. ఆ రోజు కుట్లన్నీ వెతికాడు. ఏమీ కనబడలేదు.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న పక్కలావిడ అడిగింది. "ఒక్కదాన్ని చూపించండి అన్నయ్యా. రోజూ ఇన్ని పక్కలు దులుపుతాను, నా పక్కలో ఉంటే నాకు తెలీదా?"

"లోపల దూదిలోకి దూరి ఉంటాయమ్మా. కుక్క అబద్ధం చెప్పదు."

"కుక్క చెప్పదు, నేను చెబుతాను. అంతేనా?"

మేనేజరు అప్పటికే పరుపు చుట్టేస్తున్నాడు. పెరట్లో, నీళ్ళ ట్యాంకు పక్కన, అందరూ చూస్తుండగా దాన్ని కాల్చారు. నెలాఖరుకు జీతం తీసుకుని వెళ్ళిపొమ్మని ఆమెకు అక్కడే చెప్పేశారు. ఉద్యోగంతో పాటు మెట్ల కింద గదీ పోతుంది. ఆమెకు వేరే ఇల్లు లేదన్న సంగతి ఆ లాడ్జిలో అందరికీ తెలుసు. నల్లులాయన సంచి భుజాన వేసుకుని వచ్చేశాడు. మనసు కొంచెం చివుక్కుమంది. తన పని తాను చేశానని సర్దిచెప్పుకున్నాడు.

తర్వాతి వారం మిల్లులో ఏదో మరమ్మతు వచ్చి భార్య ఇంట్లో ఉండిపోయింది. చాలా రోజులైంది, సీసా తనే దాస్తానంది. సరేనని ఆయన కుక్కను తీసుకుని వీధిలోకి వెళ్ళాడు. లోపలికి వస్తూనే అనుకున్నాడు, ఈవిడ ఎక్కడ పెడుతుంది, కుట్టు మిషను సొరుగులోనే పెట్టి ఉంటుంది, ఈవిడ బుర్ర అంతకంటే దూరం పోదు అని. మిరియం గొడుగు దగ్గర కాసేపు ఆగింది. ఆయన మొహం చూసింది. ఆయన కదల్లేదు. అక్కడి నుంచి నడిచి నడిచి కుట్టు మిషను దగ్గరికి వచ్చింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. అది కూర్చుంది.

ఆయన గుడ్డు తీయబోతుంటే భార్య చెయ్యి అడ్డం పెట్టింది. సొరుగు లాగి చూపించింది. దారపు ఉండలు, కత్తెర, ఇంకేమీ లేవు. గొడుగు తెచ్చి విప్పింది. సీసా అందులోంచి ఆమె చేతిలో పడింది.

"ఇదేంటే," అన్నాడాయన మిరియంతో.

"దాన్నెందుకు అంటారు? అది పట్టుకుంది. గొడుగు దగ్గర ఆగలేదూ? ఆగి మిమ్మల్ని అడిగింది. మీరు కాదన్నారు."

"నేనేమీ అనలేదే."

"నోటితో అనలేదు. మిషను దగ్గరికి రాగానే మీరెలా బిగుసుకుపోయారో నాకే కనబడింది. దానికి కనబడదా? పొద్దస్తమానం మీ మొహం చూడ్డమేగా దాని పని."

మళ్ళీ దాచింది. ఈసారి ఆయన్ని వంటింట్లోకి పంపి తలుపు వేసింది. మిరియం ఒక్కతే వెతికింది. చాలాసేపు పట్టింది. రెండుసార్లు వంటింటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, మనిషి కనబడకపోయేసరికి వెనక్కి వెళ్ళింది. చివరికి చెప్పుల అర దగ్గర కూర్చుంది. సీసా అక్కడే ఉంది. అప్పుడు భార్య ఇంకో సంగతి గమనించింది. నిజంగా దొరికినప్పుడు అది ఆ చోటు వైపే చూస్తూ కూర్చుంటోంది. గుడ్డు కోసం కూర్చున్నప్పుడు మనిషి వైపు చూస్తోంది.

నల్లులాయన కుర్చీలో కూలబడ్డాడు. నవ్వకండి, ఆయన బాధ ఆయనది. ఇంతకాలం కుక్కకు తను నేర్పుతున్నాననుకున్నాడు. ఎక్కడుందో తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని తిప్పితే, ఏ కుక్క మాత్రం ముక్కు అరగదీసుకుంటుంది? మనిషి మొహం చదవడం దానికి నల్లి వాసన కంటే తేలిక. భుజం వంగడం, అడుగు నెమ్మదించడం, ఊపిరి ఆగడం, అన్నీ దానికి కబుర్లే. అది మోసం చేయలేదు. ఏది చేస్తే గుడ్డు వస్తుందో అదే చేసింది. మెట్ల కింద గదిలో కూర్చున్నది కుక్క ముక్కు కాదు, తన అనుమానం. ఆ ఆలోచన రాగానే ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"వెళ్ళి చెప్పండి," అంది భార్య.

"చెబితే ఈ పని పోతుంది."

"చెప్పకపోతే ఆవిడ పని పోతుంది."

ఉత్త చేతులతో వెళ్ళి చెబితే మేనేజరు వినడని ఆయనకు తెలుసు. ముందు మిరియాన్ని దారికి తేవాలి. భార్య మిల్లు నుంచి రాగానే సీసా దాచేది, ఆయన వంటింట్లో గోడ వైపు తిరిగి నిలబడేవాడు. మొహం చూడ్డానికి వీల్లేదు కాబట్టి మిరియం మెల్లగా పాత ముక్కు మళ్ళీ బయటికి తీసింది. ఒకరోజు భార్య సీసాను ఆయన సంచిలోనే పెట్టింది. "మీకు చస్తే తట్టదు," అంది. మిరియం సంచి దగ్గర తటపటాయించింది. చిన్నప్పటి "వద్దు" గుర్తుండే ఉంటుంది. చివరికి కూర్చుంది. భార్య గుడ్డు మొత్తం పెట్టేసింది.

నెలాఖరు దగ్గరపడుతుండగా నల్లులాయన లాడ్జికి వెళ్ళాడు. వాసన కలవకూడదని సీసాలన్నీ ఇంట్లో పెట్టాడు. సంచిలో గిన్నె, టార్చి, గుడ్డు డబ్బా మాత్రమే ఉన్నాయి. మేనేజరు ఆయన్ని చూసి ప్రాణం లేచొచ్చినట్టు లేచాడు. పరుపు కాల్చాక కూడా ఆ మొదటి గదిలో ఇంకొకర్ని కుట్టాయట.

"ఆవిడ బట్టల్లో ఉండి ఉంటాయి. ఇంకో నాలుగు రోజుల్లో ఎలాగూ పోతుందిలెండి."

నల్లులాయన ఉన్నదున్నట్టు చెప్పాడు. కుక్క తన మొహం చూసి కూర్చుందని, ఆ రోజు పరుపులో తనకేమీ కనబడలేదని, అయినా ఉన్నాయన్నానని.

"అంటే ఇన్నాళ్ళూ మీ కుక్క మా గదులు చూడలేదు," అన్నాడు మేనేజరు. " మీ మొహం చూసింది."

"కొన్నిసార్లు అయి ఉండొచ్చు."

"మరి నేనిచ్చిన డబ్బులు మొహానికా, ముక్కుకా?"

"ఒక్కసారి మళ్ళీ చూడనివ్వండి. ఈసారి నేను గదిలోకి రాను. కూర్చుంటే అది ఎటు చూస్తుందో చూడండి. మీ వైపు చూస్తే లెక్కలోకి రాదు."

నడవాలో ఆ చివర పక్కలావిడ దుప్పట్ల బండి ఆపి నిలబడి ఉంది. నల్లులాయన సంచిని నడవాలో నేల మీద పెట్టి, గుడ్డు డబ్బా చేతిలోకి తీసుకుని, మిరియం మెడ తాడు విప్పి మొదటి గదిలోకి వదిలాడు. తను బయటే గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గోడకు సున్నం పెచ్చులూడి ఉంది. బడిలో తప్పు చేసిన పిల్లాడిలా ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. లోపల గోళ్ళ చప్పుడు ఆగింది.

"కూర్చుందండీ," అన్నాడు మేనేజరు. "బల్ల దగ్గర."

"ఎటు చూస్తోంది?"

"బల్లనే చూస్తోంది."

నల్లులాయన మేనేజరు చేతికి టార్చి ఇచ్చాడు. బల్ల తిరగేసి, చెక్కల మధ్య సందులో వెతికాడు మేనేజరు. నల్లటి చుక్కలు, వాటి మధ్య కదులుతున్నవి ఒకటీ రెండూ కాదు. మిరియానికి గుడ్డు ముక్క దక్కింది. మేనేజరు మొహం వెలిగిపోయింది. "పెట్టెలు పెట్టుకునే బల్ల. ఎవడో దిగినవాడు పెట్టెలో మోసుకొచ్చాడన్న మాట. వాడెవడో వాడి కడుపు కాల!" నడవాలోకి తల పెట్టి, "ఏమమ్మా, నీది కాదులే. నువ్వు ఉండు," అన్నాడు. అంత పెద్ద సంగతి అంత తేలిగ్గా తేల్చేశాడు. నల్లులాయనకు గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఆవిడ పని నిలబడింది, తన పనీ నిలబడేలా ఉంది. తాడు తీసుకుని మిరియం కోసం వెనక్కి తిరిగాడు.

మిరియం నడవాలో ఆయన సంచి దగ్గర కూర్చుని ఉంది.

ఇందులో సీసాలు లేవే, అనుకున్నాడు. గుడ్డు వాసన అనుకోవడానికీ లేదు, డబ్బా చేతిలోనే ఉంది. "పద," అన్నాడు మెల్లగా. కదల్లేదు. ఆయన వైపు చూడనూ లేదు. దాని చూపంతా సంచి అడుగు అంచు మీదే ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ రెండు వరసల కుట్టును గోటితో విప్పదీసి చూశాడు. నల్లటి చుక్కలు. ఎండిన పొట్టు. ఒకటి వెలుగు తగలగానే మడతలోకి జారుకుంది.

ఆ మధ్య సీసాలో రెండు తగ్గినట్టు అనిపించి, చచ్చి ఎండిపోయి ఉంటాయనుకున్నాడు. ఏ సీసా జాలీ ఎప్పుడు వదులైందో. నెల నెలా ఆ సంచిని తెచ్చి ఆ బల్ల మీదే పెట్టాడు. ఒంటి మీద దురదలొస్తే పిక్క దద్దురే అనుకున్నాడు. ఇంకెవరైనా అయితే మొదటి కాటుకే సంచి దులుపుకుందురు.

గదిలో మేనేజరు ఆ పెట్టెవాడిని ఇంకా తిడుతూనే ఉన్నాడు. ఎవరూ ఇటు చూడటం లేదు. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోతే సరిపోతుంది. ఇంటికెళ్ళి తగలబెట్టుకోవచ్చు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం అవుతుంది, వచ్చింది. కానీ కుక్క కూర్చునే ఉంది. ఇప్పుడు దాన్ని లాగేస్తే, నిజంగా దొరికినప్పుడు కూడా ఈ మనిషి మొహం అడిగి కూర్చోవాలని మళ్ళీ నేర్పినట్టే. పరుపు దగ్గర అబద్ధానికి జీతం ఇచ్చిన చెయ్యే ఇది.

డబ్బా మూత తీసి, గుడ్డు ముక్క కాదు, మిగిలిందంతా మిరియం ముందు పెట్టాడు.

మేనేజరు బయటికి వచ్చాడు. "బల్ల దగ్గర గుడ్డు పెట్టారుగా. మళ్ళీ ఎందుకు?"

"మళ్ళీ దొరికింది."

"ఎక్కడ?"

"నా సంచిలో," అన్నాడు నల్లులాయన. "మీ బల్ల మీదికి తెచ్చింది నేనే."

మేనేజరుకు తిట్టడానికి ఇందాకటి తిట్లన్నీ ఉన్నాయి గాని, మనిషి ఎదురుగా ఉండేసరికి పైకి రాలేదు. పక్కలావిడ బండి వదిలేసి దగ్గరికి వచ్చింది. వంగి, సంచి అంచు తనే విప్పి చూసింది. అప్పుడు అడిగిన ఒక్కదాన్ని ఇప్పుడు కళ్ళారా చూసి, చీర చెంగుకు చేతులు తుడుచుకుంది.

"సంచి తీసుకుని కిందికి రండి అన్నయ్యా," అంది. "నా పరుపు ఎక్కడ కాల్చారో చూపిస్తాను."